తలపాగా రైతు నాకొక్కడికే ఎందుకు కనిపిస్తున్నాడు?

ప్రశ్న: నేను అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సాయినగర్‌లో మేము అద్దెకున్న గదిలో ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టుకుని, ఏడుగురు స్నేహితులం గ్యారీస్ మాడ్ అనే కంప్యూటర్ ఆట ఆడుకుంటాము. ఆటలో మా ఊరివంటి పల్లెను కట్టుకున్నాము గానీ, అందులో తిరిగే మనుషులందరూ ప్యాంట్లు, జాకెట్లు తొడుక్కున్న పరదేశీయులే. అందుకని పంచె, తలపాగాతో ఒక రైతును త్రీడీ బొమ్మలు మలిచే బ్లెండర్‌లో చేసి, బొమ్మలకు కదిలే గూడు అమర్చే మిక్సామోలో ఎముకలు పెట్టించి, ఆటకు అర్థమయ్యే ఫైళ్ళుగా కంపైల్ చేసి, ఆ ఫోల్డర్‌ను సర్వర్‌లోనూ నా కంప్యూటర్‌లోనూ పెట్టాను. నా స్క్రీన్ మీద రైతు వచ్చాడు గానీ రెండు చేతులూ పక్కలకు చాచి, కాళ్ళు కదపకుండా నేలమీద జారుతూ పోతున్నాడు. మిగతా ఆరుగురికీ అతని స్థానంలో ఎర్రటి ఎర్రర్ అక్షరాలే కనిపిస్తున్నాయి. బ్లెండర్‌లోనే నడిపించి చూస్తే పంచె తొడల మధ్య బబుల్‌గమ్‌లా సాగుతోంది. బొమ్మ ఒంట్లో మొత్తం 48 వేల త్రిభుజాలు, దానిపై అతికే రంగుల చిత్రాలు, అంటే 4096 కొలత గల టెక్స్చర్లు ఐదు ఉన్నాయి. ఇది కుదిరితే తర్వాత నిమ్మలకుంట తోలుబొమ్మను కూడా ఆటలోకి తేవాలని ఉంది. మళ్ళీ మొదటినుంచి చేయాలా?

— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మొదటినుంచి చేయవలసిన పని లేదు. మీరు మలిచిన ముఖం, ఒళ్ళు, తలపాగా అన్నీ నిలుస్తాయి. మారవలసినవి లోపలి ఎముకల గూడు, పంచె కట్టు, ఆ బొమ్మ మీ గదిలోని మిగతా ఆరు కంప్యూటర్లకు చేరే దారి. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ కారణాలు వేరువేరు కావడం వల్ల, ఒకదాన్ని సరిచేసి మరొకదానిలో ఫలితం కోసం చూస్తే అయోమయంలో పడతారు. అందుచేత వాటిని విడివిడిగానే పట్టుకుందాం.

ముందు ఎర్ర అక్షరాల సంగతి చూద్దాం, ఎందుకంటే ఇది మూడింటిలోకీ సులభమైనది, అందరినీ ఎక్కువగా భయపెట్టేది కూడా ఇదే. పలువురు కలిసి ఆడే ఆటలో సర్వర్ ఎవరికీ బొమ్మను పంపదు, దాని పేరును మాత్రమే తెలియజేస్తుంది. ‘ఫలానా ఆటగాడు ఫలానా చోట ఉన్న ఫలానా మోడల్‌ను వేసుకున్నాడు’ అన్న కబురు అందగానే, ప్రతి కంప్యూటర్ ఆ పేరుగల ఫైలును తన దగ్గరే వెతుక్కుని, దొరికితే గీసుకుంటుంది, దొరకకపోతే ఆ ఎర్ర అక్షరాలను నిలబెడుతుంది. మీ దగ్గర ఫైలు ఉంది కాబట్టి మీకు కనిపించాడు, వారి దగ్గర లేదు కాబట్టి వారికి కనిపించలేదు. మీ పనితనానికీ ఆ అక్షరాలకూ సంబంధమే లేదు. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే, ఇకముందు ఎవరి స్క్రీన్‌లో ఏది కనిపించకపోయినా ముందుగా అడగవలసిన ప్రశ్న ‘ఆ ఫైలు అతని దగ్గర ఉందా, అదే పేరుతో, అదే దారిలో ఉందా’ అన్నదేనని మీకే తోస్తుంది.

మోడల్ అంటే ఒక్క ఫైలు కాదని మీరు కంపైల్ చేసినప్పుడే గమనించి ఉంటారు. ఎండీఎల్ అనే ఫైలులో ఎముకలు, అమరికలు ఉంటాయి. వీవీడీలో చర్మానికి సంబంధించిన బిందువులు, వీటీఎక్స్‌లో వాటిని గీసే వరుస, పీహెచ్‌వైలో తాకిడికి లోనయ్యే శరీరం ఉంటాయి. వీటికి తోడు మెటీరియల్స్ ఫోల్డర్‌లో ఉపరితలం ఎలా కనిపించాలో చెప్పే వీఎంటీ, టెక్స్చర్లు ఉండే వీటీఎఫ్ ఫైళ్ళు ఉండాలి. మిత్రులకు ఇచ్చేటప్పుడు వీటిలో దేన్ని మరిచినా ఇబ్బందే గానీ, ఏది మరిచారో గుర్తు ఉంటుంది. మోడలే లేకపోతే ఎర్ర అక్షరాలు, మోడల్ ఉండి టెక్స్చర్ లేకపోతే మనిషి ఒంటినిండా ఊదా, నలుపు గళ్ళు కనిపిస్తాయి. రేపు మీ స్నేహితుల్లో ఎవరైనా ‘గళ్ళ లుంగీ చుట్టుకున్నట్టు ఉన్నాడు’ అంటే సంతోషించండి, సగం దారి వచ్చారన్నమాట. అప్పుడు చూడవలసింది కంపైలర్‌కు ఆదేశాలు రాసే క్యూసీ ఫైలులో ‘సీడీ మెటీరియల్స్’ అని రాసిన దారి, టెక్స్చర్లు నిజంగా ఉన్న దారి ఒకటేనా కాదా అన్నది మాత్రమే. సర్వర్‌గా పెట్టుకున్న పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి ఉంటే మరొక జాగ్రత్త అవసరం. విండోస్ ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలను ఒకటిగానే చూస్తుంది, లినక్స్ అలా చూడదు. అందువల్ల ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ళ పేర్లు అన్నీ చిన్నబడి అక్షరాలలోనే పెట్టండి.

ఫైళ్ళను చేర్చడానికి మూడు దారులున్నాయి. ఏడుగురూ ఒకే గదికి వచ్చేవారే కాబట్టి పరీక్షలు జరుగుతున్నన్నాళ్ళూ పెన్ డ్రైవ్‌ను మించినది లేదు. సర్వర్‌లో, ఏడు కంప్యూటర్లలో, యాడాన్స్ అనే ఫోల్డర్‌లో అదే కాపీని పెట్టండి. మోడల్ ఖరారయ్యాక, ఆటగాళ్ళు తమ తయారీలను పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్‌కు ఎక్కించడం మంచిది. ఆట బిన్ ఫోల్డర్‌లోనే ఉండే జీమ్యాడ్ అనే పరికరం మీ ఫోల్డర్‌ను ఒకే మూటగా కడుతుంది, జీఎం పబ్లిష్ దాన్ని పైకి ఎక్కిస్తుంది. ఎక్కించినది మొదట ఎవరికీ కనిపించకుండా దాగి ఉంటుంది గనుక, వర్క్‌షాప్ పేజీలో దాన్ని బయటికి కనిపించేలా మార్చడం మరవకండి. ఆ తర్వాత సర్వర్ వైపు నడిచే లువా (ఆట వాడే ప్రోగ్రామింగ్ భాష) ఫైలులో ‘రిసోర్స్ డాట్ యాడ్ వర్క్‌షాప్’ అన్న పిలుపుకు ఆ అంశం సంఖ్యను ఇచ్చి రాస్తే, సర్వర్‌లోకి వచ్చే ప్రతి ఆటగాడి కంప్యూటర్‌కూ అది దానంతట అదే దిగుతుంది. చాలామంది సర్వర్‌కు వర్క్‌షాప్ కలెక్షన్ తగిలిస్తే చాలుననుకుంటారు. దానివల్ల సర్వర్‌కు మాత్రమే ఫైళ్ళు వస్తాయి, ఆటగాళ్ళకు ఈ పిలుపు విడిగా రాయవలసిందే. మూడో దారి సొంత వెబ్ సర్వర్ నుంచి ఫైళ్ళను అందించే ఫాస్ట్ డౌన్‌లోడ్ పద్ధతి. ఏడుగురి ఆటకు అంత హంగామా అవసరం లేదు.

రైతును ఎంచుకునే పట్టికలో చేర్చే పని లువాలోని ‘ప్లేయర్ మేనేజర్’కు చెందిన ‘యాడ్ వ్యాలిడ్ మోడల్’ చేస్తుంది. ఇది మీరు ఇప్పటికే చేసినట్టున్నారు. దాని పక్కనే ‘యాడ్ వ్యాలిడ్ హ్యాండ్స్’ అని మరొకటి ఉంది. ఆటగాడికి తన కళ్ళతో చూసినప్పుడు కనిపించే చేతులు విడి మోడల్ కాబట్టి, అది రాయకపోతే మీ రైతు తన చేతుల వైపు చూసుకున్నప్పుడు వేరెవరివో చేతులు కనిపిస్తాయి. ఇది తర్వాత చేసుకోవచ్చు, తొందరేమీ లేదు.

ఇక చేతులు చాచి జారిపోవడం. మీ ఉత్తరంలో అసలు జవాబు ‘మిక్సామోలో ఎముకలు పెట్టించి’ అన్న మాటలోనే ఉంది. మిక్సామో ఎముకలకు తనదైన పేర్లు పెడుతుంది, ప్రతి పేరు ముందూ ‘మిక్సామోరిగ్’ అనే మాట తగిలిస్తుంది. గ్యారీస్ మాడ్ 2004లో హాఫ్-లైఫ్ 2 అనే ఆటకు మాడ్‌గా, అంటే బయటివారు చేసిన మార్పుగా మొదలై, 2006లో స్టీమ్ మీద విడి ఆటగా వచ్చింది. అందులో నడక, పరుగు, దూకడం, కూర్చోవడం అన్నీ వాల్వ్ సంస్థ తన ఆటలను నడిపే సోర్స్ ఇంజిన్ కోసం నిర్ణయించిన ‘వాల్వ్ బైపెడ్’ అనే ఎముకల గూటి కోసం తయారైనవి. నడక ఫైలు ‘వాల్వ్ బైపెడ్ ఎడమ తొడ ఇన్ని డిగ్రీలు తిరగాలి’ అని చెబుతుంది. మీ రైతులో ఆ పేరుగల ఎముకే లేదు, కాబట్టి ఆ ఆజ్ఞ ఎవరికీ చెందకుండా పోతుంది, మనిషి పుట్టినప్పటి భంగిమలోనే ఉండిపోతాడు. ఊళ్ళో లేనివాడి పేరుతో వచ్చిన ఉత్తరం లాంటిదది. జారుతున్నాడంటే, ఆటగాడు కదులుతున్నాడు, బొమ్మ మాత్రం కదలడం లేదన్నమాట.

పేర్లు మార్చితే సరిపోతుందా అని మీకు తప్పక అనిపిస్తుంది. సరిపోదు. ఒక్కో ఎముకకు తనదైన అక్షం, తిరిగే దిశ ఉంటాయి. మిక్సామో ఎముకల దిశలు వేరు, వాల్వ్ దిశలు వేరు. పేరు మాత్రమే మార్చిన మోడల్‌ను నడిపిస్తే మోచేయి వెనక్కి, మోకాలు పక్కకు తిరిగి భయానకంగా తయారవుతుంది. చేయవలసిన పద్ధతి ఇది: క్రోబార్ అనే పరికరంతో ఆటలోని ‘మేల్ 07’ అనే పురుష ఆటగాడి మోడల్‌ను విప్పి, బ్లెండర్ సోర్స్ టూల్స్ సహాయంతో దాని ఎముకల గూటిని మీ రైతు ఉన్న చోటికి తెచ్చుకోండి. మీ రైతు చేతులు అడ్డంగా చాచి ఉన్నాయి, వాల్వ్ మనిషి చేతులు కిందికి వాలి ఉంటాయి. కాబట్టి ముందుగా మిక్సామో ఎముకలతోనే రైతు చేతులను దించి, రెండు గూళ్ళ భుజాలూ మోచేతులూ మణికట్లూ ఒకదానిపై ఒకటి పడేలా నిలబెట్టి, ఆ భంగిమను శరీరానికి శాశ్వతం చేయండి. తరువాత మిక్సామో గూటిని తీసివేసి, చర్మంలో ఏ బిందువులు ఏ ఎముకకు చెందుతాయో చెప్పే వెర్టెక్స్ గ్రూపుల పేర్లను మాత్రం వాల్వ్ పేర్లకు మార్చి, శరీరాన్ని కొత్త గూటికి కట్టండి. ఏ ఎముక చర్మాన్ని ఎంత లాగాలో నిర్ణయించే, మిక్సామో మీకు చేసిపెట్టిన వెయిట్ పెయింటింగ్ శ్రమ అంతా ఇలా దక్కుతుంది. వెన్నెముక దగ్గర ఒక చిన్న వింత ఉంది: వాల్వ్ గూటిలో స్పైన్, స్పైన్ 1, స్పైన్ 2 తర్వాత నేరుగా స్పైన్ 4 వస్తుంది, మూడు ఉండదు. అది పొరపాటేమోనని మీరు దిద్దబోకండి.

ఆ పైన క్యూసీ ఫైలులో ‘ఇన్‌క్లూడ్ మోడల్’ అన్న వరుసలో పురుషుల కదలికల ఫైలైన ‘ఎం యానిమ్’ను చేర్చాలి, స్త్రీ పాత్రకైతే ‘ఎఫ్ యానిమ్’ను చేర్చాలి. వాటి ఇంగ్లీషు అక్షరక్రమాన్ని ఊహించి రాయకుండా, విప్పిన మేల్ 07 క్యూసీలో ఉన్నదాన్ని యథాతథంగా తెచ్చుకోవడం క్షేమం. ఈ ఒక్క వరుస లేకపోతే ఎముకలన్నీ సరిగ్గా ఉన్నా రైతు మళ్ళీ చేతులు చాచుకునే నిలబడతాడు. మరొక సంగతి, ఏ చర్మమూ అంటుకోని ఎముకలను కంపైలర్ అనవసరమని తీసేస్తుంది. అందువల్ల వేళ్ళకు వెయిట్లు ఇవ్వడం మరిచి, తర్వాత ఆటలో వేళ్ళు ఎందుకు లేవని వెతుక్కోవడం చాలామందికి అనుభవమే.

ఇంతవరకు బాగా వస్తే రైతు నడుస్తాడు. అప్పుడు ఇంకొక తేడా కనిపించవచ్చు. వాల్వ్ కదలికలు ఎముకల కోణాలతో పాటు వాటి స్థానాలను కూడా మోసుకొస్తాయి. మీ రైతు పొట్టి మనిషైతే, బక్కపలచని భుజాలవాడైతే, ఆట మొదలుకాగానే అతని చేతులు మేల్ 07 చేతులంత పొడవుకు సాగిపోతాయి. దీనికి మోడల్ చేసేవారిలో ‘ప్రొపోర్షన్ ట్రిక్’ అని ఒక ఉపాయం వాడుకలో ఉంది. అసలు గూటికీ మీ గూటికీ ఉన్న తేడాను ఒక చిన్న కదలికగా తీసి, దాన్ని ఎప్పుడూ ఆడుతూ ఉండేలా మిగతా కదలికల పైన కలుపుతారు. మొదటి మోడల్‌కు మాత్రం దీని జోలికి వెళ్ళవద్దని నా సలహా. రైతు శరీరాన్నే వాల్వ్ మనిషి కొలతలకు సర్దుకోండి. అవ్వను చేసే రోజు ఈ ఉపాయం నేర్చుకోవచ్చు, అప్పుడు నిజంగా అవసరమవుతుంది కూడా.

పంచె దగ్గర నాకు కొంచెం ఎక్కువ సేపు ఆగాలని ఉంది, ఎందుకంటే ప్యాంటు తొడిగిన మనిషిని చేయడం నేర్పే పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి గానీ, పంచె గురించి చెప్పే పాఠాలు అరుదు. మీరు పంచెను అడ్డకట్టుగా, లుంగీలాగా, ఒకే గొట్టంగా మలిచి ఉంటారని అనుకుంటున్నాను. అడ్డకట్టు పంచెలో గుడ్డ రెండు కాళ్ళ మధ్యా అఖండంగా ఉంటుంది. ఎడమ తొడ ముందుకు, కుడి తొడ వెనక్కి పోయినప్పుడు మధ్యలోని గుడ్డ ఎవరి వెంట పోవాలో తెలియక సాగుతుంది. నిజమైన గుడ్డ అక్కడ మడతలు పడుతుంది, ఆటలోని గుడ్డకు మడత పడడం రాదు. సోర్స్ ఇంజిన్‌లో ఒక బిందువును మూడు ఎముకల కంటే ఎక్కువ పట్టుకోలేవు గనుక, ఎడమ తొడ, కుడి తొడ, కటి ఎముక పంచుకునేసరికి ఆ మూడూ అయిపోతాయి, ఇక మోకాలి కింది ఎముకకు చోటే మిగలదు.

దీనికి పరిష్కారం బ్లెండర్‌లో కంటే మీ ఊరి పొలాల్లో సులభంగా దొరుకుతుంది. పనిలోకి దిగే రైతు పంచెను గోచీ పోసి, వెనక్కి దోపి, మోకాళ్ళ పైకి కట్టుకుంటాడు. అప్పుడు గుడ్డ ఒక్కో కాలికి విడివిడిగా చుట్టుకుంటుంది, ఎడమ కాలి గుడ్డకు ఎడమ తొడ, కుడి కాలి గుడ్డకు కుడి తొడ యజమానులవుతాయి, గోచీ మడత ఒక్కటే కటి ఎముకను పట్టుకుంటుంది. మనవాళ్ళు నాగలి వెనక నడవడానికి కనిపెట్టిన కట్టు ఆట ఇంజిన్‌కూ అనువైనదే కావడం చూసి నేను మొదట నవ్వుకున్నాను గానీ, ఆలోచిస్తే రెండింటి అవసరమూ ఒక్కటే, కాలు ఆడాలి, గుడ్డ అడ్డురాకూడదు. ఆ కట్టుతో మీ రైతు చూడడానికీ ఇంకా నిజమైన రైతులా ఉంటాడు. రేపు స్త్రీ పాత్రకు చీర కట్టేటప్పుడు కూడా, కలుపు తీయడానికి దిగినప్పుడు కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపుకున్నట్టు మలిస్తే ఇదే మేలు జరుగుతుంది. భుజం మీది తువ్వాలు కొసలూ పైటకొంగూ వేలాడుతూ ఊగాలంటే జిగిల్ బోన్ అనే ఏర్పాటు క్యూసీలో ఉంది. ఆ ఊగిసలాటను ప్రతి కంప్యూటరూ తనకు తానే లెక్కించుకుంటుంది, సర్వర్‌పై భారం పడదు, కాబట్టి ఎందరు ఆడుతున్నా దాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు.

తలపాగా అందంగా ఉంటుంది గానీ, అది మీకు తెలియకుండానే ఒక తగవు తెచ్చిపెట్టగలదు. తుపాకి గుండు ఎవరికి తగిలిందో తేల్చేది సర్వర్, అది తేల్చేది మోడల్‌లోని హిట్‌బాక్సులను, అంటే శరీరభాగాల చుట్టూ ఉండే కనిపించని పెట్టెలను చూసి. క్యూసీలో హిట్‌బాక్సులను మీరు రాయకపోతే, కంపైలర్ ఒక్కో ఎముకకు అంటుకున్న చర్మమంతా ఇమిడేలా తానే పెట్టెలు అల్లుతుంది. తలపాగా తల ఎముకకే అంటుకుని ఉంటుంది కాబట్టి, ఆ పెట్టె తలకు రెండింతలై, గుడ్డకు తగిలిన గుండు కూడా తలకు తగిలినట్టే లెక్కకు వస్తుంది. రైతును వేసుకున్నవాడు ప్రతిసారీ ముందే చచ్చిపోతుంటే రెండు రోజుల్లో ఆ మోడల్‌ను ఎవరూ ముట్టరు. సన్నటి హిట్‌బాక్సులు రాసి గెలుచుకోవడం దీనికి వ్యతిరేకమైన దొంగబుద్ధి, దానికి తగవు ఇంకా పెద్దదవుతుంది. మేల్ 07 క్యూసీలోని హిట్‌బాక్సుల వరుసలను యథాతథంగా తెచ్చి అతికించడం న్యాయమైన పని. నిలుచున్న ఆటగాడు 72 యూనిట్ల ఎత్తు, 32 యూనిట్ల వెడల్పు గల పెట్టెలో ఉన్నాడని ఆట భావిస్తుంది, కూర్చుంటే ఆ ఎత్తు 36 అవుతుంది. మీరు ఏ మోడల్ వేసినా ఆ పెట్టె మారదు. తలపాగా అంతకంటే ఎంత పైకి పోతే అంత మేర ఇంటి దూలాల్లోంచి బయటికి పొడుచుకు వస్తుంది.

బరువు విషయంలో మీరు మరీ ఉదారంగా ఉన్నారు. ఇరవై గజాల దూరంలో పరుగెత్తే మనిషికి 48 వేల త్రిభుజాలు అనవసరం, ఏడుగురూ అదే రైతును వేసుకుని ఒకచోట చేరితే మీ పాత కంప్యూటర్లకు అది పరీక్షే. పది పదిహేను వేలలో సర్ది, ముఖం ముడతలూ తలపాగా చుట్లూ, ఎత్తుపల్లాలు ఉన్నట్టు భ్రమ కలిగించే నార్మల్ మ్యాప్ అనే టెక్స్చర్‌లోకి దింపండి, దీన్నే బేక్ చేయడం అంటారు. బ్లెండర్ బేక్ చేసే నార్మల్ మ్యాప్‌కూ సోర్స్ ఆశించే దానికీ ఆకుపచ్చ చానల్ తిరగబడి ఉంటుంది. దాన్ని తిప్పకపోతే వెలుగు పైనుంచి పడుతున్నా ముడతలు కిందినుంచి వెలిగినట్టు కనిపించి, ముఖం ఎందుకో తేడాగా ఉందనిపిస్తుంది గానీ కారణం అంతుబట్టదు. అసలు బరువు మాత్రం టెక్స్చర్లదే. 4096 కొలత గల టెక్స్చర్ ఒకటి డీఎక్స్‌టీ5 అనే కుదింపు పద్ధతిలో దాని చిన్న ప్రతులతో కలిపి సుమారు 21 ఎంబీ అవుతుంది, అయిదంటే వందకు పైమాటే. అదే 1024 కొలతలో, పారదర్శకత అవసరం లేని చోట డీఎక్స్‌టీ1 పద్ధతిలో అయితే ఒక్కొక్కటి ముప్పాతిక ఎంబీ కూడా దాటదు. కొన్నేళ్ళ కిందట కర్నూలులో మా బృందానికి నేను చేసిన మొదటి మోడల్ ఇలాగే నూరు ఎంబీల పైన తూగింది. సర్వర్‌లోకి రాబోయిన తొమ్మిదిమందిలో అయిదుగురు డౌన్‌లోడ్ గీత సగానికి రాకముందే విసుగెత్తి వేరే ఆటకు వెళ్ళిపోయారు, మిగిలినవారు నా పాత్ర చొక్కా గుండీల మీది గీతలను గమనించనేలేదు. మీరు ముఖానికి 1024, బట్టలకు 1024, మిగతా వాటన్నిటికీ కలిపి 512 పెట్టుకోండి. కొలతలు ఎప్పుడూ రెండును రెండుతో హెచ్చించుకుంటూ పోతే వచ్చే 512, 1024 లాంటి సంఖ్యలే కావాలి.

తోలుబొమ్మ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. నిమ్మలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళినా, 2022 దాకా మీ అనంతపురం జిల్లాలోనిదే, ధర్మవరానికి దగ్గరే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మోడల్ చేసేవారికి ఆ బొమ్మ గొప్ప పాఠ్యపుస్తకం. తల, మొండెం, చేతులు విడి ముక్కలుగా కోసి కీళ్ళ దగ్గర దారంతో కలుపుతారు, ముడి కీలుకు ఒక వేలెడు పక్కకు పడితే బొమ్మ ఆడదు. మీ పనిలో ఎముక కొసను సరిగ్గా మోచేతి దగ్గర పెట్టడం కూడా అదే. ఈ పాత్రకు వెయిట్ పెయింటింగ్ కష్టం అసలు లేదు, ఒక్కో ముక్కను ఒక్కో ఎముకకు పూర్తిగా ఇచ్చేస్తే చాలు, అతుకు దగ్గర సాగే చర్మమే ఉండదు.

అందులో కష్టమంతా మెటీరియల్‌లో ఉంటుంది. తోలులో పొడిచిన రంధ్రాలను ఒక్కొక్కటిగా త్రిభుజాలతో కోయకుండా, టెక్స్చర్‌లో పారదర్శకతను చెప్పే ఆల్ఫా చానల్‌లో గీసి వీఎంటీలో ‘ఆల్ఫా టెస్ట్’ పెట్టండి. ‘ట్రాన్స్‌లూసెంట్’ పెడితే చేతి ముక్క మొండెం ముక్కకు ముందుందో వెనకుందో ఇంజిన్ తికమకపడి ఒకదానిలోంచి మరొకటి కనిపిస్తుంది. దీపం వెనకనుంచి వెలిగినట్టు రంగులు మెరవాలంటే ‘సెల్ఫ్ ఇల్యూమ్’ వాడాలి. అయితే అది కూడా మామూలుగా అదే ఆల్ఫా చానల్‌ను చూస్తుంది కాబట్టి రెండూ ఒకదాన్నొకటి చెడగొడతాయి. వెలుగుకు విడిగా మాస్క్ టెక్స్చర్ ఇవ్వండి. బొమ్మను ఒకే పలుచని పొరగా కాక, ఇరువైపులా ముఖాలున్న రెండు పొరలుగా చేస్తే వెనకవైపు వెలుగు కూడా సరిగ్గా పడుతుంది. హిట్‌బాక్సులు మాత్రం మామూలు మనిషివే ఉంచండి, లేకపోతే పక్కకు తిరిగి నిలుచున్న తోలుబొమ్మకు ఎవరి గుండూ తగలదు.

బొమ్మపై వేసే రూపకల్పనను ఏదో ఒక ఫోటోనుంచి ఎత్తి వాడే ఆలోచన ఉంటే మానుకోండి. ధర్మవరం దాకా వెళ్ళే బస్సు ఛార్జీ పెద్ద ఖర్చు కాదు. ఆ కళాకారులను కలిసి, ఇది ఏ పనికోసమో చెప్పి, అనుమతి అడిగి, కుదిరితే ఒక బొమ్మను కొని, దాన్నే మీరు ఫోటో తీసుకోండి, వర్క్‌షాప్ పేజీలో వారి పేరు రాయండి. 1957 కాపీరైట్ చట్టం చిత్రాలకు ఎలా వర్తిస్తుందో బొమ్మల మీది చిత్రాలకూ అలాగే వర్తిస్తుంది. రైతు విషయంలోనూ ఇదే మాట. వేరే ఆటలోంచి పెరికి తెచ్చిన ముఖం ఏదైనా అందులో ఉంటే ఇప్పుడే తీసేయండి, హక్కుదారు ఫిర్యాదు చేస్తే స్టీమ్ ఆ అంశాన్ని తొలగిస్తుంది, దాని వెంట మీ సొంత శ్రమ కూడా పోతుంది. మేల్ 07 ఎముకలను కొలతకు వాడుకోండి గానీ దాని చర్మాన్ని, టెక్స్చర్లను మీ మూటలో చేర్చవద్దు.

పని వరుస విషయంలో ఒక్క మార్పు కోరుతున్నాను. పంచెను తిరిగి కట్టడం, టెక్స్చర్లను తగ్గించడం పక్కన పెట్టి, ముందుగా రైతును టెక్స్చర్ లేని బూడిదరంగు బొమ్మగానే కొత్త గూటికి కట్టి కంపైల్ చేయండి. బిన్ ఫోల్డర్‌లోని మోడల్ వ్యూయర్‌లో తెరిచి, కదలికల పట్టికలో నడక, పరుగు ఉన్నాయో లేదో, హిట్‌బాక్సులు శరీరంపైనే కూర్చున్నాయో లేదో చూడండి. ఆ పట్టిక ఖాళీగా ఉంటే ఆటను తెరవడం వృథా. పట్టిక నిండితే పెన్ డ్రైవ్‌తో ఏడు కంప్యూటర్లకూ సర్వర్‌కూ పంచి, సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టి, ఒక మిత్రుణ్ణి రైతును వేసుకుని పరుగెత్తమని, కూర్చోమని, చివరకు చచ్చిపోమని చెప్పండి. చచ్చిపోవడం తప్పనిసరి, పీహెచ్‌వై ఫైలు సరిగ్గా లేదన్న సంగతి శవం నేలపై పడినప్పుడే బయటపడుతుంది. కీళ్ళ హద్దులు రాయని శవం వడియాల పిండిలా ముద్దగా పడిపోతుంది, అసలు పీహెచ్‌వై లేకపోతే పడేందుకు శవమే ఉండదు. మోడల్‌లో మార్పు చేసిన ప్రతిసారీ ఏడు కంప్యూటర్లలోనూ సర్వర్‌లోనూ పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టాలి. ఒక్కచోట పాతది మిగిలిపోతే ఇద్దరు మిత్రులు ఒకే రైతును రెండు రూపాల్లో చూస్తూ నువ్వు తప్పంటే నువ్వు తప్పని వాదులాడుకుంటారు.

ఇంత చేశాక కూడా చేతులు చాచుకునే ఉంటే నాకు మళ్ళీ రాయండి. అప్పుడు స్క్రీన్ ఫోటో పంపవద్దు. క్యూసీ ఫైలునూ, కంపైల్ చేసినప్పుడు వచ్చిన సందేశాలన్నిటినీ పంపండి. ఎరుపు రంగులో వచ్చినవే కాక, మీరు చూసీ చూడనట్టు వదిలేసిన హెచ్చరికలు కూడా అందులో ఉండాలి.